రీలు తెగిందిలే, కూచోండి

జమ్మలమడుగు,
డిసెంబర్ 29

చిన్నమ్మీ,

ఫోన్‌లో నువ్వు అన్న మాట మరిచిపోలేదు. "వీడియోలు పంపొద్దు నాయనా, డ్యూటీలో చూస్తే ఏడుపొస్తుంది. ఉత్తరం రాయి, రూముకు పోయి తీరిగ్గా చదువుకుంటా" అన్నావు. అందుకే మీ అన్నలకు గట్టిగా చెప్పాను, చెల్లెలికి ఏమీ పంపొద్దని. నిన్న సాయంత్రం మీ అత్త వాళ్ళను అనంతపురం బస్సు ఎక్కించి వచ్చేసరికి ఇల్లు బోసిపోయింది. మా అమ్మ, అదే మీ జేజి, మంచం మీద కునుకు తీస్తోంది. మీ అమ్మ మిద్దె మీద దుప్పట్లు ఆరేస్తోంది, లెక్కపెడితే పద్నాలుగు. నాకు ఇప్పుడు తీరింది.

క్రిస్మస్ పండగ రోజు నీకు నైట్ డ్యూటీ పడిందని తెలిసినప్పుడు మీ అమ్మ పెద్దగా ఏమీ అనలేదు. "పండగొచ్చిందని జబ్బులు ఆగుతాయా" అని ఊరుకుంది. కానీ అత్తిరసాలకు పాకం పట్టేటప్పుడు రెండుసార్లు ముదరబెట్టింది. ముప్పై ఏళ్ళలో ఆమె చేతిలో పాకం ముదరడం నేను చూడలేదు.

నువ్వు లేవు కాబట్టి స్టార్ పని మీ చిన్నాయన కూతురు తీసుకుంది. వెదురు బద్దలు చీల్చి ఇచ్చింది నేనే. కట్టడంలో ఒక కొమ్ము పొట్టిదైంది. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుంటే, "అక్క కట్టిన మొదటి స్టారుకు నాలుగు కొమ్ములే ఉన్నాయి" అని చెప్పాను. అది నిజమే కదా, నీకు ఏడేళ్ళప్పుడు. ఎర్ర కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి, వేపచెట్టు కొమ్మకు కట్టాం. 23 రాత్రి పదకొండు దాటాక కేరల్స్ వాళ్ళు వచ్చి దాని కిందే నిలబడి పాడారు. మంచు బాగా పడుతోంది. డోలక్ కొట్టే పిల్లోడి చేతులు కొంకర్లు పోతుంటే మీ అమ్మ లోపలికి పిలిచి టీ ఇచ్చింది.

ఈసారి అందరూ వచ్చారమ్మీ. పెద్దనాయన వాళ్ళు కర్నూలు నుంచి, అత్త వాళ్ళు అనంతపురం నుంచి, చిన్నాయన వాళ్ళు కడప నుంచి, తాడిపత్రి నుంచి జేజి తమ్ముడి కొడుకులు కూడా. 25 మధ్యాహ్నం గుడి నుంచి వచ్చి భోజనాలకు కూర్చున్నప్పుడు ఇరవై తొమ్మిది ఆకులు వేశాం. పొట్టేలు కూర, సంగటి. పిల్లలకు బిర్యానీ. ఆ సంగతి ఎక్కువ రాస్తే నీకు హాస్టల్ అన్నం సహించదు, వదిలేస్తాను.

అసలు గొడవ సినిమా దగ్గర వచ్చింది. పెద్దనాయన కొడుకు కర్నూలు నుంచి ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చాడు. పిల్లలకు కొత్త సినిమా కావాలి. మీ పెద్దనాయన పాతదే వేయాలంటాడు. గంటసేపు వాదులాట. చివరికి జేజి తేల్చింది: "ఈ రాత్రికి మాయాబజార్ వెయ్యండి. రెండ్రోజులాగి అందరం పొద్దుటూరుకు పోయి మీ సినిమా చూద్దాం. నేనూ వస్తా." మా నాయన, అదే మీ అబ్బ, పోయినప్పటి నుంచి, అంటే తొమ్మిదేళ్ళుగా, ఆమె సినిమా మాటే ఎత్తలేదు. ఆ మాట వినగానే పిల్లలు కూడా చప్పుడు చేయలేదు.

తెర కావాలంటే తెల్ల దుప్పటి చాలన్నాం. జేజి లేచి తన ట్రంకు పెట్టె తీసింది. అబ్బ పంచెలు రెండు, ఇస్త్రీ మడత చెదరకుండా. మీ అమ్మ వాటిని ఒకదాని కింద ఒకటి పెట్టి మిషన్ మీద కుట్టింది. తెర మధ్యలో అడ్డంగా ఒక కుట్టు గీత. సినిమా అంతా ఎవరు మధ్యలోకి వచ్చి నిలబడినా నడుము మీదుగా ఆ గీత పోతూనే ఉంది. ఘటోత్కచుడికైతే సరిగ్గా పొట్ట మీద.

మిద్దె మీద బొంతలు పరిచాం. వేయించిన చెనిక్కాయలు రెండు చేటల నిండా. జేజికి మాత్రం కుర్చీ, కంబళి. ఆ సినిమా తీసిన కె.వి. రెడ్డి గారిది తాడిపత్రి అని నీకు తెలుసు కదా. జేజి పుట్టిల్లు అదే కాబట్టి ప్రతిసారీ "మా ఊరాయన తీసినాడు" అంటుంది, చుట్టం గురించి చెప్పినట్టు. 1957లో వచ్చిన సినిమా, ఆమెకు పద్నాలుగేళ్ళప్పటిది. అత్త మనవడు, ఆ ఆరేళ్ళోడు, సినిమా మొదలైన దగ్గర్నుంచి "పాండవులు ఎప్పుడొస్తారు?" అని అడుగుతూనే ఉన్నాడు. కథంతా వాళ్ళ పిల్లోడి పెళ్ళి గురించే, వాళ్ళు మాత్రం ఒక్కసారీ కనపడరు. నాకు యాభై ఏళ్ళు దాటేదాకా ఆ సంగతి తట్టలేదు. వాడికి మొదటి గంటలోనే తట్టింది.

ప్రియదర్శిని పెట్టె వచ్చింది. తెరిస్తే ఎవరికి ఏది ఇష్టమో అదే కనిపించే పెట్టె. "వీడియో కాల్!" అని పిల్లలు అరిచారు. అందరూ నవ్వారు. మీ అమ్మ మాత్రం టీ పెడతానని లేచి కిందికి పోయింది. కాసేపటికి నేనూ దిగాను. పొయ్యి వెలిగించనేలేదు. వంటింట్లో నిలబడి ఉంది. నేనేమీ అడగలేదు. పాలు గిన్నెలో పోసి ఇచ్చాను, ఇద్దరం టీ పట్టుకొని పైకి వచ్చాం. ఇది నీకు రాయొద్దంది. రాయాలనిపించింది.

ఘటోత్కచుడు లడ్డూలు మింగుతున్నప్పుడు కరెంటు పోయింది. వీధి వీధంతా చీకటి. పిల్లలు ఒక్కసారిగా "అబ్బా!" అన్నారు, ఫోన్ల లైట్లు వెలిగాయి, సగం మంది లేవబోయారు. అప్పుడు జేజి కుర్చీలోంచి కదలకుండా అంది:

"రీలు తెగిందిలేప్పా, కూచోండి. మీ అబ్బ అతికిస్తాండాడు."

నిద్రమత్తులో అందో, తెలిసే అందో నేను అడగలేదు. మీ పెద్దనాయన, చిన్నాయన, నేను ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. లేచినవాళ్ళు కూర్చున్నారు. ఫోన్ల లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి, ఎవరూ చెప్పకుండానే. నలభై నిమిషాలు చీకట్లో, మంచులో అలాగే ఉన్నాం. ఆ నలభై నిమిషాలు జేజి మాట్లాడింది.

అబ్బ టూరింగ్ టాకీస్‌లో ఆపరేటర్ అని నీకు తెలుసు. ఆ పని ఎలా ఉండేదో నేను నీకు సరిగ్గా చెప్పలేదు. డేరాలో ఒక్కటే ప్రొజెక్టర్. ఒక రీలు అయిపోతే ఆపాల్సిందే, రెండోది ఎక్కించేదాకా జనం చీకట్లో కూర్చోవాల్సిందే. వెలుగు బల్బుది కాదు. రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెడితే వాటి మొనల మధ్య మంట లేస్తుంది, ఆ వెలుగే తెర మీద పడేది. కడ్డీలు కాలేకొద్దీ సందు పెరుగుతుంది. పక్కనున్న పిడి తిప్పుతూ దగ్గరకు జరుపుతూ ఉండాలి. ఒక్క నిమిషం ఏమరితే తెర మీద బొమ్మ మసకబారుతుంది, నేల టికెట్టు వాళ్ళు ఈలలు వేస్తారు. కాబట్టి అబ్బ తను వేసిన ఏ సినిమానూ పూర్తిగా చూడలేదు. జేజి చెప్పిందేమంటే, ఆట అయిపోయాక రాత్రి ఒంటిగంటకు ఇంటికొచ్చి అన్నం తింటూ, "ఆ పిల్ల చివరికి ఎవర్ని చేసుకున్యాది?" అని ఈమెను అడిగేవాడట. ఈమె నేలలో కూర్చొని చూసొచ్చి, ఆయనకు కథ చెప్పేది. పెళ్ళయిన కొత్తలో రోజూ అదే మాట్లాడుకునేవాళ్ళట. ఇంత కాలానికి ఆ సంగతి నేను మొదటిసారి విన్నాను. పెద్దనాయనకూ తెలియదు.

ఆ తర్వాతి సంగతులు నాకు గుర్తున్నవే. 1978లో కరుణామయుడు వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. తర్వాతి సంవత్సరాల్లో క్రిస్మస్ నెలలో అబ్బ 16 ఎం.ఎం. ప్రొజెక్టర్‌ను ఎద్దులబండి మీద పెట్టుకొని పల్లెపల్లెకూ పోయి ఆ సినిమా వేసేవాడు. రీలు డబ్బాలు మోసేది నేను. గుడి ముందు తెర కట్టేవాళ్ళం. సిలువ వేసే ఘట్టం వచ్చేసరికి ఆడవాళ్ళు చెప్పులు విడిచి మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళు. సంఘం వాళ్ళే కాదు, ఊరంతా. విజయచందర్ గారి మొహమే మా పిల్లలందరికీ ఏసుప్రభువు మొహం అయిపోయింది. అందుకే మన ఇంట్లో పండగకూ సినిమాకూ విడదీయలేనంత ముడి. ఆ నెలంతా ఇంట్లో లేని మనిషి 25 పొద్దున గుడికి మాత్రం మా అందరితో వచ్చేవాడు, వేళ్ళకు కార్బన్ మసి పోని చేతులతో.

కరెంటు వచ్చింది. సినిమా అయ్యేసరికి పన్నెండు దాటింది. ఆరేళ్ళోడు నిద్రపోయాడు, పాండవుల కోసం ఎదురుచూస్తూనే.

మరుసటి రోజు నీకు నేను చూపించాలనుకొని ఎప్పుడూ చూపించని ఆట పిల్లలకు చూపించాను. దానికి ఫిలమెంట్ బల్బు కావాలి. ఇప్పుడు అన్నీ ఎల్‌ఈడీలే కదా, ఊరంతా అడిగాం. చివరికి కొట్టం గూట్లో ఒక మాడిపోయిన బల్బు దొరికింది. కింద నల్లటి మూతను మేకుతో తట్టి తీసి, లోపలి తీగ లాగేసి, శుభ్రంగా కడిగి నీళ్ళు పోశాను. తలుపులన్నీ మూసి, కిటికీ రెక్క సందులో అట్ట పెట్టి చిన్న బెజ్జం చేశాం. బయట ఎండలో మీ చిన్నాయన అద్దం పట్టుకొని వెలుగును బెజ్జంలోకి కొట్టాడు. ఆ వెలుగు దారిలో ఫిలిం ముక్క, దాని ముందు నీళ్ళ బల్బు. ఫిలిం తలకిందులుగా పట్టాలి, అప్పుడే గోడ మీద బొమ్మ నిటారుగా నిలబడుతుంది. మొదట మసగ్గా ఒక ఎర్ర మరక. బల్బును వేలెడంత వెనక్కి జరిపాను. మనిషి మొహం వచ్చింది, కళ్ళు, మీసం, పంచె అంచుతో సహా. గదిలో పదిమంది పిల్లలు, ఒక్కరి చేతిలోనూ ఫోన్ లేదు. ఈ కాలం పిల్లలు ఫోన్ వదలరని నేను కూడా అంటుండేవాణ్ణి. వాళ్ళ పక్కన కూర్చోవడానికి మనకు తీరిక లేక అన్న మాట అది.

ఫిలిం ముక్కలు అబ్బ రేకు డబ్బాలోవి. రీలు తెగిన చోట రెండు అంచులూ బ్లేడుతో గీకి, ఫిలిం సిమెంటు అనే జిగురు పూసి అతికిస్తారు. అలా అతికించేటప్పుడు పనికిరాని ముక్కలు దాచి నాకు ఇచ్చేవాడు. మూత తీస్తే వెనిగర్ లాంటి పులుపు వాసన. రంగు ఫిలిం అంతా ఎర్రబడిపోయింది, నలుపు-తెలుపువి మాత్రం బాగున్నాయి. ఆ డబ్బా పారేయమని పోయిన సంవత్సరం నేనే అన్నాను. మీ అమ్మ వినకుండా దాచింది. ఆ మాట అన్నందుకు నాకు చాలా బాధగా ఉంది, జేజికి కూడా చెప్పాను.

27న పొద్దుటూరు. రెండు ఆటోలు, చిన్నాయన కారు, పంతొమ్మిది టికెట్లు. సినిమా కథ నీకు చెప్పను, నువ్వు చూడాలి. జేజి చెవుల్లో దూది పెట్టుకొని కూర్చుంది. ఇంటర్వెల్ ముందు చూస్తే ఆమె తెర వైపు చూడటం లేదు. తల వెనక్కి తిప్పి, పైన చిన్న కిటికీలోంచి వచ్చే వెలుగును చూస్తోంది. "ఆపరేటర్ రూములో ఎవురుండారు?" అని అడిగింది. ఇప్పుడు రీళ్ళు లేవని, అంతా కంప్యూటర్‌లో నుంచే వస్తుందని పెద్దనాయన కొడుకు చెప్పాడు. "మరి తెగదా?" అంది. తెగదన్నాడు. "మేలే. ఆ మనిషన్నా సినిమా చూస్తాడు" అంది.

తిరిగొచ్చేటప్పుడు కారులో నీ గురించి అడిగింది. నువ్వు రాత్రంతా మేలుకొని పేషెంట్ల పక్కన కూర్చుంటావని చెప్తే, "మీ నాయన మాదిరే" అని నాతో అంది. నాకు మాట రాలేదు.

జనవరిలో నీకు రెండు ఆఫ్‌లు కలిపి వస్తాయేమో కనుక్కో. పండగే కానక్కర్లేదు. పంచెల తెర కుట్టు విప్పలేదు, మడిచి ట్రంకు పెట్టెలోనే పెట్టాం. కజ్జికాయలు, మురుకులు రేపు పార్సిల్ చేస్తాను. అత్తిరసాలు కొంచెం గట్టిగా ఉంటాయి, అమ్మకు ఆ మాట అనొద్దు.

ఈ ఉత్తరంలో రెండు అట్టముక్కల మధ్య ఒక ఫిలిం ముక్క పెట్టాను. జానెడు. దాంట్లో పన్నెండు బొమ్మలున్నాయి, తెర మీదైతే అర సెకను. వేళ్ళతో అంచులే పట్టుకో, మధ్యలో ముట్టుకుంటే గీతలు పడతాయి. డ్యూటీ దిగొచ్చాక పొద్దున కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూడు. నాలుగో బొమ్మ దగ్గర అతుకు కనిపిస్తుంది. అది అబ్బ వేసినదే.

మీ నాయన