ఏ మంచో చెప్పి రాయండి

సంపాదకుడికి,

చలి మొదలైతే చాలు, పేపర్లో మంచుకు కొదవుండదు. జాతీయ రహదారి మీద మంచు, వేరుశనగ ఆకు మీద మంచు, లంబసింగి గడ్డి మీద మంచు. మొదటిది పొగమంచు, రెండోది నీటిబొట్టు, మూడోది గడ్డ. యాసంగి పల్లి వేసే నాగర్‌కర్నూల్, వనపర్తి రైతులు ఈ కలగాపులగంతో నష్టపోతారు.

మబ్బు లేని రాత్రి, గాలి ఆడకపోతే ఆకు తన వేడిని పైకి వదిలి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. 20 డిగ్రీల గాలిలో తేమ 60 శాతం ఉంటే, ఆకు 12 డిగ్రీలకు దిగగానే బొట్లు కడతాయి. పాఠ్యపుస్తకాలు తుషారం అనేది దీన్నే. గడ్డమంచుకు ఇది చాలదు. ఆకు సున్నా కిందికి పోవాలి. అప్పుడు ఆవిరి నీరు కాకుండానే నేరుగా తెల్లని పలుకులై అంటుకుంటుంది. థర్మామీటరు ఉండేది నాలుగడుగుల ఎత్తులో కాబట్టి, అది 3 డిగ్రీలు చూపినా కింద గడ్డి మీద సున్నా ఉండొచ్చు. పాలమూరు, నల్లగొండ మైదానాల్లో ఈ పలుకులు చూడాలంటే ఫ్రిజ్‌లో ఫ్రీజర్ తలుపు తీయాల్సిందే.

చిక్కంతా సలహాల దగ్గర. గడ్డమంచు పడే ఉత్తరాదిన సాయంత్రం తేలికపాటి తడి ఇమ్మంటారు. తడి నేల పగటి వేడిని దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. అదే ఇక్కడ ‘మంచు నుంచి పంటకు రక్షణ’ అని అచ్చయితే రైతు పొద్దుగూకంగనే స్ప్రింక్లర్లు తిప్పుతాడు. ఆ తడికి రాత్రి మంచు తోడై, ఆకు 12 గంటలకు పైగా ఆరదు. వేరుశనగకు వచ్చే టిక్కా ఆకుమచ్చ తెగులుకు కావాల్సింది అదే. మన దగ్గర స్ప్రింక్లర్లు తెల్లవారుజామున, ఆకు ఎలాగూ తడిగా ఉన్నప్పుడే నడపాలి. ఎండ పడగానే రెండు తడులూ కలిసి ఆరతాయి. మందు కొట్టడం మాత్రం బొట్లు ఆరాకే. లేకుంటే పలచనై కారిపోతుంది.

కొల్లాపూర్ మామిడి పూతకు ‘మంచు దెబ్బ’ అన్నా అంతే. బూడిద తెగులైతే అది బూజు, నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చాలు. తేనెమంచు ఆకాశం నుంచి పడేదే కాదు, పురుగు విసర్జించే తియ్యని జిగురు. దాని మీద గంధకం పనిచేయదు. మందు ఖర్చు వృథా, పూత కూడా పోతుంది.

రోడ్డు వార్తల సంగతి చిన్నదే. కిలోమీటరు లోపు చూపు ఆగిపోతేనే వాతావరణ శాఖ లెక్కలో పొగమంచు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి వార్తల్లో ‘దట్టమైన మంచు’ అనే బదులు ఎన్ని మీటర్ల దాకా కనిపించిందో ఒక్క అంకె వేయండి.

— ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్