గేమ్ డబ్బా మీద గడువు రాయించండి

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చీఫ్ కమిషనర్ గారికి, వరంగల్, హన్మకొండ గేమర్ల నమస్కారాలు.

2014లో వచ్చిన ‘ద క్రూ’ రేసింగ్ గేమ్ సర్వర్లను దాని తయారీ కంపెనీ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. ఒక్కరే ఆడుకునే భాగం కూడా సర్వర్ జవాబిస్తేనే తెరుచుకునేలా కట్టారు గనక, కొన్న డిస్క్ చేతిలో ఉన్నా ఆట నడవదు. ఇది తప్పించలేని ఇబ్బందేం కాదు. గొడవ లేచాక అదే కంపెనీ ‘ద క్రూ 2’కి 2025లో నెట్ లేకుండా ఆడుకునే ఆఫ్‌లైన్ మోడ్ ఇచ్చింది. కాలిఫోర్నియాలోనైతే 2025 జనవరి 1 నుంచి, డిజిటల్ గేమ్‌లను ‘కొనండి’ అని అమ్మేవాళ్లు, ఇచ్చేది లైసెన్స్ (వాడుకునే అనుమతి) మాత్రమేనైతే ఆ సంగతి కొనేముందే చెప్పాలి.

మన చౌరస్తా దుకాణాల్లో డబ్బా కొని విప్పితే కొన్నిట్లో డిస్కే ఉండదు, గేమ్‌ను నెట్ నుంచి దింపుకునే కోడ్ అచ్చేసిన కాగితం ఉంటుంది. ఆ కోడ్ ఒక ఖాతాకు ఎక్కిందంటే తమ్ముడికి ఇవ్వలేం, సెకండ్ హ్యాండ్‌లో అమ్మలేం. 100 జీబీ గేమ్‌ను రోజుకు 2 జీబీ మొబైల్ డేటాతో దింపాలంటే 50 రోజులు. ఇది కొనేవాళ్లకు ముందే తెలియాలి కదా!

డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను తప్పుదోవ పట్టించే డిజైన్లు) మీద 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది మీరే. గేమ్‌లకూ ఇవ్వండి. ఒంటరిగా ఆడినా నెట్ కావాలా, ఎన్ని జీబీ దింపాలి, సర్వర్లు కనీసం ఏ తేదీ దాకా ఉంటాయి అన్నవి ఎంఆర్‌పీ పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆన్‌లైన్ స్టోర్లలో ‘కొనండి’ బటన్ పైనే ఉండాలి. సర్వర్లు ఎల్లకాలం నడపమని మేం అడగట్లేదు. ఆపేముందు ఆరు నెలల నోటీసు, చివరి అప్‌డేట్‌లో ఆఫ్‌లైన్ ప్యాచ్ తప్పనిసరి చేయండి.

ఇట్లు,
వరంగల్, హన్మకొండ గేమర్లు