మీ రెజ్యూమెలో మేం రాసిన యూనివర్సిటీ పేరు గురించి

మా దగ్గర రెజ్యూమె రాయించుకున్న అందరికీ నమస్కారం. మా వల్ల జరిగిన ఒక తప్పు మీకు చెప్పాలి. అది మీ రెజ్యూమెలోనూ ఉండొచ్చు, అందుకే ఈ ఉత్తరం.

గత నెల మా పాత కస్టమర్ ఒకావిడ ఇంటర్వ్యూ నుంచి బయటికొస్తూనే ఫోన్ చేశారు. ఆవిడ రెజ్యూమెలో ‘చదువు’ అన్న శీర్షిక కింద, డిగ్రీ కన్నా పైన, ఒక పేరుమోసిన యూనివర్సిటీ పేరు ఉంది. నిజానికి ఆవిడ చేసింది ఆ యూనివర్సిటీ వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టిన ఆరు వారాల కోర్సు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే, “అక్కడ ఏ సంవత్సరంలో చేరారు?” అని. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ తర్వాత పని గురించి అడిగినవాటికి ఎంత బాగా జవాబిచ్చినా, వాళ్ల ముఖాల్లో అనుమానం పోలేదట. “నేను అబద్ధం చెప్పలేదండీ, కానీ చెప్పినట్టయింది” అన్నారు. ఆ పేరును అక్కడ పెట్టింది మేమే. పెద్ద పేరు పైన కనిపిస్తే చూసేవాళ్ల కన్ను ఆగుతుందనుకున్నాం.

ఆ రాత్రే పాత ఫైళ్లు తిరగేశాను. ఇదే పొరపాటు ఇంకా చాలామంది రెజ్యూమెల్లో కనిపించింది.

ఆన్‌లైన్ కోర్సులు అందించే వేదికలు కోర్సెరా, ఎడెక్స్ రెండూ 2012లో మొదలయ్యాయి. యూనివర్సిటీ గేటు దాటకుండానే అక్కడి ప్రొఫెసర్ల పాఠాలు వినే వీలు లక్షలమందికి దొరికింది. నేర్చుకున్నది నిజమే, నేర్పింది ఆ యూనివర్సిటీయే. కానీ ఆ కోర్సు చేసినంత మాత్రాన అక్కడి విద్యార్థి అయినట్టు కాదు. ఈ సంగతిని కోర్సెరా తొలినాళ్లలో ఇచ్చిన పత్రాల అడుగునే చిన్న అక్షరాల్లో రాసేవారు: ఈ వ్యక్తి యూనివర్సిటీలో నమోదైనట్టు దీని అర్థం కాదని, దీనివల్ల క్రెడిట్లు గానీ డిగ్రీ గానీ రావని. ఇచ్చినవాళ్లే అంత స్పష్టంగా చెబుతుంటే, మేం దాన్ని తీసుకెళ్లి డిగ్రీల వరుసలో కూర్చోబెట్టాం.

ఇకనుంచి ఇలాంటి కోర్సులకు ‘చదువు’ తర్వాత విడిగా ఒక భాగం పెడతాం. ముందు కోర్సు పేరు, తర్వాత నేర్పిన యూనివర్సిటీ, ఏ వేదిక ద్వారా చేశారో, ఏ ఏడు పూర్తిచేశారో, అన్నీ ఒకే వరుసలో. సర్టిఫికెట్ నిజమో కాదో సరిచూసుకునే లింకు ఉంటే అదీ ఇస్తాం. సగం చూసి ఆపేసిన కోర్సు రాయం. ఇంకా నడుస్తుంటే ‘కొనసాగుతోంది’ అనే రాస్తాం.

డిగ్రీల దగ్గర దీనికి సరిగ్గా తలకిందుల తప్పు చేశాం. ఆన్‌లైన్‌లో పూర్తి డిగ్రీ చేసినవాళ్లకు పక్కన బ్రాకెట్లో ‘ఆన్‌లైన్’ అని తగిలించాం. రెండు మూడేళ్లు, ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని నిద్రపుచ్చాక పరీక్షలకు చదివి సంపాదించుకున్న డిగ్రీ అది. దాన్ని మేమే తక్కువ చేసి చూపించాం. అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ 2014లో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌ను ఆన్‌లైన్‌లో మొదలుపెట్టింది. అది చదివినవాళ్ల పట్టా మీద ‘ఆన్‌లైన్’ అన్న మాట ఉండదు. పట్టా మీద లేని మాట రెజ్యూమెలో ఎందుకు? తీసేస్తున్నాం. ఎలా చదివారని అడిగితే మాత్రం దాచకుండా చెప్పండి.

అయితే డిగ్రీ ఇచ్చిన సంస్థకు గుర్తింపు ఉందో లేదో ఇకమీద మేమే చూస్తాం. లేని యూనివర్సిటీల పేరుతో వెబ్‌సైట్లు పెట్టి డిగ్రీలు అమ్ముతోందన్న ఆరోపణలతో అక్జాక్ట్ అనే పాకిస్తాన్ కంపెనీ బండారం 2015లో న్యూయార్క్ టైమ్స్ కథనంతో బయటపడింది. అలాంటివాటికి డబ్బు కట్టినవాళ్లలో మోసపోయామని తెలియనివాళ్లూ ఉంటారు. గుర్తింపు తేలని డిగ్రీని మేం రాయలేం. ఆ మాట చెప్పేటప్పుడు మిమ్మల్ని తప్పుపట్టం.

పరీక్ష రాసి తెచ్చుకునే సర్టిఫికేషన్లు వేరు. నెట్‌వర్కింగ్‌కు సిస్కో ఇచ్చే సీసీఎన్‌ఏ, క్లౌడ్ కంప్యూటింగ్‌కు అమెజాన్ ఇచ్చే ఏడబ్ల్యూఎస్ లాంటివి మూడేళ్లే చెల్లుతాయి. ప్రాజెక్టుల నిర్వహణకు ఇచ్చే పీఎంపీ నిలబెట్టుకోవాలంటే మూడేళ్లకోసారి 60 పీడీయూలు (ఇంకా నేర్చుకుంటున్నామని చూపే పాయింట్లు) చూపించాలి. కొందరి రెజ్యూమెల్లో గడువు తీరినవి అలాగే ఉండిపోయాయి. మీ తేదీలు ఒకసారి చూసుకుని మాకు చెప్పండి.

రెజ్యూమెలో కోర్సులు, సర్టిఫికెట్లు ఎన్ని రాయాలన్నది నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న. ఒకరికి మేం పద్నాలుగు రాశాం. చదివేవాళ్లకు ఆయన ఏ పని చేయగలరో మాత్రం అర్థం కాలేదు. ఇప్పుడు వెళ్లబోయే ఉద్యోగానికి పనికొచ్చే మూడు నాలుగు ఉంచి, ప్రతిదాని కింద ఆ చదువుతో చేసిన ఒక పని రాస్తున్నాం. ఎక్సెల్ కోర్సు చేశారా, దాంతో ఆఫీసులో ఏ లెక్క సులువైందో చెప్పండి.

కొందరి విషయంలో మాత్రం ఈ పద్ధతి మారుస్తాం. ఏళ్ల విరామం తర్వాత మళ్లీ ఉద్యోగానికి వస్తున్నవాళ్లు, లేదా ఒక రంగం వదిలి పూర్తిగా ఇంకో రంగంలోకి వెళ్తున్నవాళ్లు. వాళ్ల దగ్గర ఉన్న తాజా ఆధారం చాలాసార్లు ఆ కోర్సే. దాన్ని, చేసిన ప్రాజెక్టుతో కలిపి, మొదటి పేజీలో పైభాగానే పెడతాం. అది వాళ్ల కష్టం, అది కనబడాలి.

పాత కస్టమర్లందరికీ ఈ మార్పులు ఉచితంగా చేసిస్తాం. మేం రాసిన ఫైలు, మీ సర్టిఫికెట్ల కాపీలు లేదా లింకులు పంపండి. ఉన్నది ఇద్దరమే కాబట్టి వచ్చిన వరుసలో చేస్తాం. ఈ వారంలో ఇంటర్వ్యూ ఉన్నవాళ్లు ఆ తేదీ మెయిల్ శీర్షికలోనే రాయండి, మీది ముందు తీస్తాను. ఫోన్ చేసిన ఆవిడ రెజ్యూమె ఆ మర్నాడే మార్చి పంపాను.