పేరు చెప్పకుండా వెళ్లిపోయిన మెకానిక్ అన్నయ్యకి

ఆ అన్నయ్య పేరు తెలీదు, ఊరు తెలీదు. బండి వెనక గ్యాసు ప్రెషర్ చూసే గేజీల సంచీ, భుజాన ఎర్ర తువ్వాలు, అంతే గుర్తు. నరసన్నపేట, టెక్కలి చుట్టుపక్కల ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే దయచేసి ఆయనకి చేర్చండి. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి.

శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సులు అద్దెకి తిప్పే మాలాంటివాళ్లకి ఈ బాధ చెప్పక్కర్లేదు. పెద్దాయన పోయారు, కొడుకు కువైట్ నుంచి రావాలి, అప్పటిదాకా ఉంచాలి. బయట ఒకటే వాన. బాక్సు కంప్రెసర్ టిక్‌మంటుంది, మూలుగుతుంది, ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ టిక్. లోపల 2 నుంచి 4 డిగ్రీలు ఉండాల్సింది 14కి ఎక్కేసింది. శరీరం పాడవడం పొట్ట దగ్గర మొదలవుతుంది, అక్కడికి చల్లదనం అందకపోతే ఎన్ని అత్తర్లు చల్లినా లాభం లేదు.

అర్ధరాత్రి మెకానిక్కుల కోసం ఫోన్లు. ఫ్రిజ్ అంటే వస్తారు, ఏసీ అంటే వస్తారు, శవం పెట్టె అనగానే ఫోను పెట్టేస్తారు. ఒకాయనైతే "పొద్దున్న షాపుకి తెచ్చీండి" అన్నాడు. లోపల మనిషిని పెట్టుకుని షాపుకి ఎలా తెస్తాం బాబూ! హైవే మీద టీ కొట్టు దగ్గర మా కుర్రాడు ఎవరినో బతిమాలుతుంటే పక్కనే టీ తాగుతున్న ఈ అన్నయ్య విని, "ఎక్కడేటి? పద" అని బండి తీశారట.

రాగానే స్క్రూడ్రైవర్ తియ్యలేదు. ముందు మీటరు పెట్టి ప్లగ్గులో వోల్టేజీ చూశారు. 230 ఉండాల్సిన చోట 170. వోల్టేజీ పావు వంతు తగ్గితే కంప్రెసర్ స్టార్టింగ్ బలం దాదాపు సగానికి పడిపోతుంది. తిరగలేక వేడెక్కుతుంది, కాలిపోకుండా ఆపే ఓవర్‌లోడ్ స్విచ్చి కట్ అవుతుంది, చల్లారాక మళ్లీ మొదలు. ఆ టిక్ శబ్దం అదే. ఒకే సర్వీసు మీద షామియానా లైట్లు, నీళ్ల మోటారు, బాక్సు, పైగా సన్నటి వైరు ఎక్స్‌టెన్షన్. ముందు మోటారు ఆపించారు. పక్కింటి సర్వీసు వేరే ఫేజ్ మీద ఉందని కనిపెట్టి, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు నేరుగా అక్కణ్ణుంచి లాగారు. 210 వచ్చింది.

అయినా స్టార్ట్ కాలేదు. కవరు విప్పితే, కంప్రెసర్ తిరగడానికి మొదటి తోపు ఇచ్చే స్టార్టింగ్ కెపాసిటర్ ఉబ్బి ఉంది, లో వోల్టేజీలో పదే పదే లాగి లాగి. తన సంచీలోంచి అదే కొలతది తీసి వేశారు. వెంటనే స్విచ్చి వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. గ్యాసు ప్రెషర్ రెండు వైపులా సమానం కావాలి, 5 నిమిషాలు ఆగకపోతే కొత్త కెపాసిటర్ కూడా పోతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి, బాక్సు తీసుకున్న ప్రతి ఇంటివాళ్లూ గుర్తుపెట్టుకోండి. తర్వాత ఎర్త్ చూశారు. రేకు పెట్టె, తడి నేల, మీద పడి ఏడ్చే ఆడవాళ్లు... ఎర్త్ లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా.

ఇక అసలు సంగతి. కాళ్ల వైపు జాలీ వెనక, లోపలి వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఉంటుంది. అక్కడ అడుగు దూరమైనా గాలి ఆడాలి. కాని దండలన్నీ కాళ్ల దగ్గరే గదా వేస్తారు! ఫ్యాను లాక్కున్న చామంతి రేకులు కండెన్సర్ సన్న రెక్కల మధ్య ముద్దగా అతుక్కుపోయాయి, వాటి మీద అగరొత్తుల బూడిద. పాత టూత్‌బ్రష్ అడిగి, నేల మీద బోర్లా పడుకుని, సెల్లు లైటు నోట కరుచుకుని ఒక్కో రేకూ లాగారు. రెక్క వంగకుండా లాగాలి, వంగితే గాలి పోదు. తీసిన రేకుల్ని చిమ్మెయ్యలేదు. తువ్వాలులో పోగేసి, పని అయ్యాక లేచి, బాక్సు మీద పెద్దాయన పాదాల దగ్గర పెట్టి దండం పెట్టుకున్నారు.

ఈ పనిలో ఉన్నవాళ్లని జనం పెళ్లికి పిలవరు, షాపుకి గది ఇవ్వాలన్నా రెండుసార్లు ఆలోచిస్తారు. ముక్కూ మొహం తెలియని మనిషి ఆ రేకుల్ని కళ్లకద్దుకుంటే నాకు మాట రాలేదు. డబ్బు తీసుకోలేదు. టీ ఇస్తే తాగారు, చావింట టీ వద్దనలేదు. "మూత మాటిమాటికీ తియ్యనివ్వకండి, తీస్తే మళ్లీ అరగంట వెనక్కి" అని చెప్పి వానలోనే వెళ్లిపోయారు. తెల్లారేసరికి 4 డిగ్రీలు. కొడుకు వచ్చి తండ్రి మొహం చూసుకున్నాడు.

మా ఆవిడ, తమ్ముడు రాత్రంతా తోడున్నారు, సరే.

లో వోల్టేజీ గురించి మాత్రం చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మర్ చాలట్లేదని ఆ వీధివాళ్లు ఎప్పట్నుంచో అర్జీలు పెడుతున్నారట, పై నుంచి రావాలి అంటారట. తుఫాను వస్తే అది వేరే కథ. 2018లో తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటే లేదు, తట్టుకుంటాం. మామూలు రోజున 170 ఏమిటి? ఇక శ్మశానం. షెడ్డుకి స్తంభాలు లేపి వదిలేశారు, పైన రేకు లేదు. ఒక చితికి 3, 4 క్వింటాళ్ల కర్ర పడుతుంది. తడిస్తే మంట ముందు కర్రలో తడి ఆరబెట్టడానికే పోతుంది, కర్ర ఇంకా పెరుగుతుంది, ఆ ఖర్చు ఎవరిది? మరణం నమోదుకి 21 రోజులు దాటితే రుసుం కట్టమంటారు, దహనానికి నాలుగు రేకులు వెయ్యడానికి మాత్రం గడువు లేదు.

అయ్యో, పక్కింటి అప్పని మరిచిపోయాను. రాత్రంతా కరెంటు ఇచ్చి, బిల్లు సంగతి ఎత్తితే తిట్టారు. ఐస్ ఫ్యాక్టరీ వాచ్‌మన్ తాతగారు, బాక్సు ఆగినంతసేపూ మీరిచ్చిన దిమ్మలే కాపాడాయి, కవర్లలో కట్టి పొట్ట మీదా పక్కలకీ పెట్టాం. కళాసీలకీ, పాడె కట్టిన కుర్రాళ్లకీ కూడా దండాలు. ఎండు సరుగుడు కర్ర టార్పాలిన్ కప్పి తెచ్చిన ట్రాక్టరు డ్రైవరు బాబూ, నీ తాడు మా షాపులోనే ఉండిపోయింది, ఇటొస్తే పట్టుకెళ్లు.

మెకానిక్ అన్నయ్యా, ఇంకేం వద్దన్నా కెపాసిటర్ డబ్బులైనా తీసుకోవాలి. అది మీ కంపెనీ సరుకైతే మీకు కోత పడుతుంది.