గోల్‌కీపర్ కిట్‌తో మీరిస్తున్న శుభ్రత కార్డు మీద ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: మూడు హాకీ గోల్‌కీపర్ కిట్లు, కార్డులోని తప్పుడు సూచనలు, వారంటీ నిరాకరణ గురించి.

అయ్యా,

మా హాకీ శిక్షణ కేంద్రం మీ దగ్గర కొన్న మూడు గోల్‌కీపర్ కిట్లూ ఏడాది తిరక్కుండానే పనికిరాకుండా పోయాయి. లెగ్ గార్డుల పొరలు విడిపోయాయి. కుడిచేతి ప్రొటెక్టర్ల లోపలి గుడ్డ బూజుపట్టి చిరిగింది. రెండు హెల్మెట్ల గ్రిల్లు బిగింపుల దగ్గర తుప్పెక్కాయి. వారంటీ కింద మార్చమని అడిగితే, చెమట, తేమ, బూజు వల్ల వచ్చిన నష్టం వాడేవాళ్ల అజాగ్రత్త కిందికి వస్తుందని ఒక్క వాక్యంలో తిప్పి పంపారు.

ఇందులో మా అజాగ్రత్త లేదు. కిట్‌తో వచ్చిన తెలుగు కార్డును తు.చ. తప్పకుండా పాటించినందుకే కిట్లు పాడయ్యాయన్నది మా ఫిర్యాదు. ఏ సూచన ఏ భాగాన్ని ఎలా చెడగొట్టిందో, దాని బదులు ఏం రాసి ఉండాల్సిందో కింద వివరిస్తున్నాం. ఈ ఉత్తరాన్ని కిట్లు తయారుచేసే విభాగానికి కూడా పంపగలరు.

అన్నిటికన్నా ముందు, ఒక్క రోజు కూడా ఆగకుండా సరిదిద్దాల్సింది ఒకటుంది. "కంపు పోకపోతే బ్లీచ్ నీళ్లలో నానబెట్టండి, అప్పటికీ ఉంటే వెనిగర్ కలపండి" అని కార్డులో ఉంది. బ్లీచ్‌లో ఉండేది సోడియం హైపోక్లోరైట్. దానికి వెనిగర్ లాంటి ఆమ్లం ఏది తగిలినా క్లోరిన్ వాయువు వెలువడుతుంది. హాస్టల్ బాత్‌రూముల్లో తలుపు మూసుకుని, బకెట్ మీదికి వంగి కిట్ ఉతికేది పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు. ఆ గాలి పీలిస్తే కళ్లు, గొంతు మండడంతో ఆగదు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కిట్ సంగతి పక్కన పెట్టినా ఈ వాక్యం అచ్చులో ఉండకూడదు. కిట్ విషయానికొస్తే బ్లీచ్ ఏ పాళ్లలోనూ వద్దు. నైలాన్ పట్టీలు పెళుసుబారతాయి, ఎలాస్టిక్ సాగి మళ్లీ బిగుసుకోదు, గ్రిల్ పూత ఎక్కడ లేచి ఉంటే అక్కడ ఉక్కు తుప్పు పడుతుంది. మా గ్రిల్లు తుప్పెక్కడానికి చెమటలోని ఉప్పు ఎంత కారణమో ఈ బ్లీచ్ కూడా అంతే కారణం.

ఇక కార్డులోని మొదటి సూచన: "ఆట అయిన వెంటనే కిట్‌ను సంచిలో సర్ది జిప్ వేయండి, దుమ్ము పట్టదు." కిట్లను చంపింది ముఖ్యంగా ఇదే. అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టినప్పుడు పుట్టే ఆమ్లాలదే ఆ కంపు. వాటికి కావాల్సింది తడి, వెచ్చదనం, తిండి. జిప్ వేసిన సంచి ఈ మూడూ సమకూరుస్తుంది. పైగా గోల్‌కీపర్ కిట్‌లో ఉండేది చెమట ఒక్కటే కాదు. ఆటకు ముందు టర్ఫ్‌ను, అంటే కృత్రిమ గడ్డి మైదానాన్ని, నీళ్లతో తడుపుతారు. పడి లేచిన ప్రతిసారీ ఆ నీళ్లు కిక్కర్లలోకి (పాదాలకు తొడిగే గార్డుల్లోకి), లెగ్ గార్డుల వెనక్కి, ప్యాడెడ్ నిక్కరులోకి ఎక్కుతాయి. కోస్తాలో వానాకాలం గాలిలో తేమ 80 శాతం దాటిన రోజుల్లో, రాత్రంతా మూసిన సంచిలో ఉన్న కిట్ తెల్లారి తీసినప్పుడు పెట్టినంత తడిగానే ఉంటుంది. అలా కొన్ని రోజులు గడిస్తే చాలు, లైనింగ్ మీద బూజు చుక్కలు తేలతాయి. ఒకసారి నూలు పోగుల్లోకి దిగిన బూజు మచ్చ ఎంత ఉతికినా పోదు.

కార్డులో రాయాల్సింది ఇది: ఆట అయిన అరగంటలోపు ప్రతి వస్తువూ సంచిలోంచి బయటికి రావాలి. పట్టీలన్నీ పూర్తిగా వదులు చేయాలి. మట్టి మైదానంలో ఆడితే ముందు పొడి బ్రష్‌తో దులపాలి. మట్టి మీద నీళ్లు పడితే అది బురదై కుట్లలోకి దిగుతుంది, ఇసుక రేణువులు బకిళ్ల కింద పట్టీలను కోస్తాయి. తర్వాత మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో లోపలి వైపంతా తుడవాలి. ఉప్పు ఉన్నంతకాలం గాలిలో తేమను లాక్కుంటూనే ఉంటుంది కాబట్టి ముందు ఉప్పు పోవాలి. ఆ తర్వాత నీడలో, ఫ్యాన్ కింద, లోపలి వైపు పైకి ఉండేలా పరవాలి. గచ్చు మీద పెడితే కింది వైపు ఆరదు. నవారు మంచమో, నులక మంచమో ఉంటే అంతకన్నా మంచి స్టాండ్ అక్కర్లేదు, రెండు వైపులా గాలి ఆడుతుంది. లెగ్ గార్డులు, చెస్ట్ గార్డ్ ఆరడానికి పది, పన్నెండు గంటలు పడుతుంది. చేతి ప్రొటెక్టర్లకు, కిక్కర్లకు అది చాలదు. వాటిలో నలిపిన న్యూస్‌పేపర్ కుక్కి, రెండు గంటలకోసారి మార్చాలి. సంచిని కూడా తిరగేసి ఆరబెట్టాలి, లేకపోతే ఆరిన కిట్ మళ్లీ అదే కంపులోకి వెళుతుంది.

"ఎర్రటి ఎండలో ఆరబెట్టండి, క్రిములు చస్తాయి" అన్నది మరో సూచన. బట్టలకు పనికొచ్చే మాట లెగ్ గార్డులకు పనికిరాదు. మీరు అమ్మేవి పాలిథిలిన్ ఫోమ్ పొరలను వేడితో వంచి, జిగురుతో అతికించినవి. ఆ ఫోమ్ నీళ్లు పీల్చదు, కానీ వేడికి మెత్తబడుతుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడ ఎండలో నల్ల లెగ్ గార్డ్ చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది. జిగురు వదులై పొరలు లేస్తాయి, వంపు విచ్చుకుని గార్డ్ బల్లపరుపుగా అవుతుంది. దీనివల్ల రూపం చెడడమే కాదు, ఆటే ఆగిపోవచ్చు. అంతర్జాతీయ హాకీ సమాఖ్య నిబంధనల ప్రకారం కాలికి తొడిగినప్పుడు లెగ్ గార్డ్ వెడల్పు 300 మిల్లీమీటర్లు దాటకూడదు. విచ్చుకున్న గార్డ్ ఆ కొలత దాటితే పోటీలో వాడనివ్వరు. ఎండలో నిలిపిన కారు డిక్కీ కూడా ఎండ కిందే లెక్క, కార్డులో దాని ప్రస్తావన లేదు. పొద్దున్నే లేత ఎండలో పావుగంట ఉంచితే తప్పు లేదు, అంతకు మించి వద్దు.

ఉతకడం గురించి మీ కార్డు చెప్పింది "వేడినీళ్లు, సబ్బుపొడి, వాషింగ్ మెషిన్" అని మాత్రమే. ఏ భాగం ఉతకాలో, ఏది ఉతక్కూడదో చెప్పలేదు. బకెట్‌లో ఉతకదగినవి ప్యాడెడ్ నిక్కరు, మోచేతి గార్డులు, చెస్ట్ గార్డ్ పై కవరు, గొంతు గార్డ్ గుడ్డ మాత్రమే. వీటికి వారానికోసారి 20 లీటర్ల మామూలు నీళ్లలో 30 మిల్లీలీటర్ల లిక్విడ్ సబ్బు చాలు. సబ్బుపొడి అయితే పూర్తిగా కరగక స్పాంజిలో ఉండిపోతుంది, మళ్లీ చెమట పట్టగానే జిగటై చర్మాన్ని ఒరుస్తుంది. నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు. వెల్క్రోలన్నీ మూసి, అరగంట నానబెట్టి, చేత్తో అదమాలి తప్ప పిండకూడదు. పిండితే లోపలి స్పాంజి ముక్కలై ఒక మూలకు చేరుతుంది. నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి, మూడుసార్లకు తక్కువ కాదు. కంపు మొండిగా ఉంటే చివరి జాడింపు నీళ్లలో ఒక కప్పు తెల్ల వెనిగర్ కలపొచ్చు, ఆ బకెట్‌లో బ్లీచ్ చుక్క కూడా ఉండకూడదు. ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు. అది పోగుల మీద పొరలా పట్టి, గుడ్డ చెమట పీల్చకుండా చేస్తుంది.

లెగ్ గార్డులు, కిక్కర్లు, చేతి ప్రొటెక్టర్లు నీళ్లలో ముంచకూడదు. ఫోమ్‌కు ఏమీ కాదు గానీ పొరల మధ్యకు చేరిన నీళ్లు రోజుల తరబడి బయటికి రావు. తుడిచి మురికి పోగొట్టాక లోపలి వైపు 70 శాతం ఆల్కహాల్ స్ప్రే చేసి, దానంతటది ఆరిపోయేదాకా వదిలేయాలి. చేసే చోట మంట ఉండకూడదు, గాలి ఆడాలి. 99 శాతం ఆల్కహాల్ ఇంకా మంచిదనుకోవడం పొరపాటు. క్రిమి లోపలికి దిగడానికి ఆ 30 శాతం నీళ్లు కావాలి. మురికి మీదే కొట్టినా దండగే. మీ కార్డు సిఫారసు చేసి మీరే అమ్మే సెంటు స్ప్రే ఇందులో ఏ పనీ చేయదు. కంపు మీద ఇంకో వాసన పూస్తుంది, అంతే.

హెల్మెట్ గురించి కార్డులో "మరకలు పోవడానికి థిన్నర్ వాడొచ్చు" అని ఉంది. మీ హెల్మెట్ పెంకు పాలికార్బొనేట్ అని పెట్టె మీద మీరే అచ్చువేశారు. థిన్నర్, పెట్రోల్, గోళ్ల రంగు తీసే ద్రవం తగిలితే పాలికార్బొనేట్‌లో సన్నటి పగుళ్లు పుడతాయి, చాలాసార్లు అవి కంటికి కనబడవు. హాకీ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్ ఫ్లిక్ (కర్రతో బంతిని లాగి గోల్ మీదికి విసిరే షాట్) గంటకు 100 కిలోమీటర్లు దాటి వస్తుంది. ఆ బంతి అలాంటి పెంకుకు తగిలితే ఏమవుతుందో మీకు మేం చెప్పనక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లు, నాలుగు చుక్కల షాంపూ, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. గ్రిల్ బిగింపుల దగ్గర ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, అక్కడ బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, నెలకోసారి స్క్రూలు చూసుకోవాలి. గడ్డం కప్పును ప్రతి ఆట తర్వాత సబ్బుతో కడగాలి. కురుపులు ముందు అక్కడే లేస్తాయి.

కార్డు తప్పులు ఇవి. కిట్ తయారీలోనే ఉన్న లోపాన్ని కూడా ఇక్కడే చెబుతున్నాం. కుడిచేతి ప్రొటెక్టర్‌లో కర్ర పట్టుకునే అరచేతి గుడ్డ అన్నిటికన్నా ఎక్కువ తడుస్తుంది, అన్నిటికన్నా ముందు చిరుగుతుంది. దాన్ని మీరు తీయడానికి వీల్లేకుండా కుట్టేశారు. హెల్మెట్ లోపలి మెత్తలను జిగురుతో అతికించారు. ఎంత శ్రద్ధగా చూసుకునేవాళ్లయినా తీయలేనిదాన్ని ఉతకలేరు. వెల్క్రోతో అతుక్కునే మెత్తలు, మార్చుకునే అరచేతి గుడ్డ పెడితే మూడొంతుల సమస్య తీరుతుంది.

మన దగ్గర చాలా హాస్టళ్లలో, అకాడమీల్లో ఒక కిట్‌ను ఇద్దరు ముగ్గురు గోల్‌కీపర్లు వంతులవారీగా వాడతారు. ఒకరి చెమట ఆరకముందే ఇంకొకరు అదే తొడుక్కుంటే తామర, చీము గడ్డలు ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. అందుకే ఒక్కొక్కరికీ విడిగా రెండు జతల నూలు చేతి తొడుగులు, రెండు తలగుడ్డలు ఉండాలని, సగం ఆట విరామంలో మార్చుకోవాలని, రోజూ ఉతుక్కోవాలని కార్డులో మొదటి వరుసలోనే ఉండాలి. వేల రూపాయల కిట్‌తో పాటు ఆ నూలు తొడుగులు రెండు జతలు మీరే ఇవ్వడం పెద్ద భారమేమీ కాదు.

మేం కోరుతున్నవి: మూడు జతల లెగ్ గార్డులు, మూడు కుడిచేతి ప్రొటెక్టర్లు, రెండు గ్రిల్లు వారంటీ కింద మార్చి ఇవ్వాలి. థిన్నర్ తగిలిన మూడు హెల్మెట్లను వాడకం నుంచి తీసేశాం, వాటి బదులు కొత్తవి ఇవ్వాలి. బ్లీచ్, వెనిగర్, థిన్నర్ సూచనలు తప్పని, ఇప్పటిదాకా ఈ కిట్ కొన్న వారందరికీ తెలుగులోనే తెలియజేయాలి. కార్డు మార్చాలి. కావాలంటే పై పద్ధతులను ఉన్నదున్నట్టు వాడుకోండి, మాకు అభ్యంతరం లేదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 84వ సెక్షన్ ప్రకారం, సరైన వాడకానికి తగిన సూచనలు ఇవ్వకపోవడం వల్ల హాని జరిగితే తయారీదారు బాధ్యత వహించాలి. పిల్లలెవరికీ ఆ హాని జరగకముందే రాస్తున్నాం. ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం.

బిల్లు నకలు, కార్డు రెండు వైపుల ఫొటోలు, పాడైన భాగాల ఫొటోలు, మీ తిరస్కరణ ఉత్తరం నకలు జతచేస్తున్నాం. పాడైన కిట్లు మా దగ్గరే భద్రంగా ఉన్నాయి, మీ మనిషి ఎప్పుడొచ్చినా చూపిస్తాం.

ఇట్లు,
కిట్ల నిర్వహణ బాధ్యులు, గోల్‌కీపింగ్ కోచ్‌లు
హాకీ శిక్షణ కేంద్రం