లంకలో నీ చోటు

అంబాజీపేట,
ఆదివారం రాత్రి పదిన్నర

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావురా? ఇప్పుడు కువైట్‌లో ఎనిమిది అయి ఉంటుంది. డ్యూటీ దిగి, స్నానం చేసి, పొయ్యి మీద అన్నం పడేసి ఉంటావు. రోజూ మనం కలుసుకునే టైము ఇదే కదా.

మొన్న మీ అమ్మ మా కొట్టుకి వచ్చింది. కొబ్బరికాయలు సంచిలో వేసుకుని వెళ్ళబోతూ ఆగి, "వాడు ఈమధ్య రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నాడు నాయనా, నువ్వైనా కనుక్కో" అంది. నేను ఫోన్ చేసినా నాకూ ఆ రెండు ముక్కలే దక్కుతున్నాయి. అందుకే కాగితం పట్టుకున్నా. మన వీధాయన ఒకరు గురువారం ఫ్లైట్‌కి అక్కడికి వస్తున్నాడు. ఆత్రేయపురం పూతరేకుల డబ్బాతోపాటు ఇది కూడా నీ చేతికిస్తాడు. పూతరేకులు రూమ్‌లో అందరికీ పెట్టు. ఉత్తరం మాత్రం నువ్వొక్కడివే చదువుకో.

నువ్వు మన ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ గేమ్‌లోకి రావడం మానేసి రెండు నెలలైంది. ఎందుకు మానేశావో నాకు తెలుసు. గేమ్‌లో సరుకులమ్మే గ్రాండ్ ఎక్స్ఛేంజ్ దగ్గర వాడెవడో డబ్బు రెట్టింపు చేసిస్తానన్నాడు. వెయ్యి ఇస్తే రెండు వేలు ఇచ్చాడు, అయిదు వేలు ఇస్తే పది వేలు ఇచ్చాడు. మూడోసారి నువ్వు గేమ్‌లో పట్టిన లాబ్‌స్టర్లమ్మి కూడబెట్టిందంతా వాడి చేతిలో పెట్టావు. వాడు మాయమైపోయాడు. ఆ రాత్రి నువ్వు చాట్‌లో "పోయింది బావా" అని రెండే మాటలు కొట్టి లాగౌట్ అయ్యావు. ఆ తర్వాత నా ఫ్రెండ్స్ లిస్టులో నీ పేరు ఎర్రగానే ఉంది. ఎప్పుడు పచ్చగా మారుతుందా అని రోజూ చూస్తున్నా.

గేమ్‌లో డబ్బే కదా అని నేను అననురా. ఎన్ని రాత్రులు కూర్చుంటే అంత పోగైందో పక్కనుండి చూసినవాణ్ణి. పైగా నీకు ఇది మొదటిసారి కాదు. వీసా పేరు చెప్పి ఒకడు లక్షా ఇరవై వేలు ముంచినప్పుడు కూడా నువ్వు ఇలాగే నోరు మూసుకుని వారం రోజులు గదిలో పడుకున్నావు. నమ్మడం నీ తప్పెలా అవుతుంది? ఆ ఎర ఇరవై ఏళ్ళుగా ఆ గేమ్‌లో వేస్తున్నారు, పడినవాళ్ళు లెక్కలేనంత మంది. ఒకరికొకరు సరుకు మార్చుకునేటప్పుడు ఖాయం చేసుకోవడానికి రెండో తెర ఎందుకు వస్తుందనుకున్నావు? ఇలా ముంచేవాళ్ళ వల్లే. కానీ ఆ తెర కూడా ఇప్పుడిచ్చేదాన్నే చూపిస్తుంది, తర్వాత ఇస్తానన్నదాన్ని చూపించలేదు. వాడు దెబ్బ కొట్టింది అక్కడే.

సరే, వాడి సంగతి వదిలేద్దాం. మన మొదటి రోజు గుర్తుందా? ఈ గేమ్ నువ్వే డౌన్‌లోడ్ చేయించావు. లంబ్రిడ్జ్ కోటలో వంటవాడు తల పట్టుకుని కూర్చున్నాడు, దొరగారి పుట్టినరోజుకి కేకు చేయాలి, గుడ్డు లేదు, పాలు లేవు, పిండి లేదు. కత్తి పట్టుకుని రాక్షసుల మీదకి వెళ్తామనుకుంటే మొదటి పని పాలు పితకడం అయింది! ఆవు మీద నొక్కితే మన బొమ్మ బకెట్టు పెట్టుకుని కూర్చోవడం చూసి ఎంత సంబరపడ్డామో. పిండికైతే చేలో గోధుమ కంకులు కోసి, మర మేడ మీదకి నిచ్చెనెక్కి, గరాటులో పోసి, మీట తిప్పి, మళ్ళీ నిచ్చెన దిగి కిందికొచ్చి కుండలో పట్టుకోవాలి. నువ్వు మీట తిప్పడం మర్చిపోయి కిందికి దిగి పిండేదిరా అని అడిగావు. చిన్నప్పుడు మీ నాన్నతో పిండిమరకి వెళ్ళి, గోనెగుడ్డ గొట్టం కింద డబ్బా పట్టుకుని, వేడివేడి పిండిలో చెయ్యి పెట్టేవాడివని ఆ రాత్రే చెప్పావు. అన్నేళ్ళ స్నేహంలో ఆ మాట నాకు అప్పటిదాకా చెప్పలేదురా.

నాకు ఆ గేమ్ మీద ఇంత ఇష్టం ఎందుకంటే ఆ లోకంలో తొందర లేదు. 0.6 సెకన్లకోసారి ఆ లోకం ఒక్క అడుగు ముందుకేస్తుంది, దాన్ని టిక్ అంటారు. ఎవరి ఫోన్ ఎంత ఖరీదైనదైనా అందరికీ అదే అడుగు. సర్వర్లేమో ఎక్కడో ఇంగ్లండులో, జర్మనీలో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నాయి. చెట్టు నరకడం, చేపలు పట్టడం లాంటి పనులకి నీ రూమ్‌లో వైఫై కాస్త మెల్లగా ఉన్నా ఫర్వాలేదు. అలాంటి చోటే కదా మనిద్దరికీ కావాల్సింది, ఒకడు కువైట్‌లో, ఒకడు కోనసీమలో ఉండి పక్కపక్కన కూర్చోవడానికి.

కరామ్జా దీవి గురించి చెప్పకుండా ఎలా వదులుతాను! పోర్ట్ సారిమ్ రేవులో 30 కాసులిస్తే పడవ మీద దించుతారు. నువ్వు దాన్ని మొదటిరోజే "లంక" అన్నావు, ఇప్పుడు నేనూ అదే అంటున్నా. దిగగానే అరటితోట. తోట యజమానికి పెట్టెలో పది అరటిపళ్ళు నింపిపెడితే 30 కాసులిస్తాడు. సరిగ్గా తిరుగు పడవకి సరిపోతుంది. మన లంకల్లో గెలలు మోసే కూలీల లెక్క కూడా ఇంచుమించు ఇలాగే ఉండేదని తాతయ్య అనేవాడు, కూలి డబ్బు రేవు దాటడానికీ టీకీ సరిపోయేదట. రేవు గట్టు మీద నిలబడి బుట్ట నీళ్ళలోకి వదిలితే లాబ్‌స్టర్ పడాలి. దానికి చేపల పనిలో 40వ లెవెల్ ఉండాలి, ఆ 40 కోసం నువ్వు నిద్ర మానుకున్న రాత్రి నాకు తెలుసు. సంచిలో 28 గళ్ళు. ఒకటి బుట్టకి, ఒకటి కాసులకి పోతే మిగిలినవి 26. ఇరవయ్యారూ నిండాయంటే తిరుగు పడవ. ఆ పడవెక్కేముందు కస్టమ్స్ ఆఫీసర్ సారా ఏమైనా ఉందేమోనని సంచి వెతుకుతారు.

నీళ్ళలో బుడగలు లేస్తున్నచోట నిలబడాలి. కాసేపటికి ఆ బుడగలు ఇంకో వైపుకి పోతాయి, మనం వెంటపడాలి. మధ్యలో ఏమీ ఉండదు. అప్పుడే కదా మనం మాట్లాడుకునేది. చాట్‌లో తెలుగు అక్షరాలు పడవు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టుకునేవాళ్ళం. మీ సూపర్‌వైజర్ సంగతి, మా చెల్లి సంబంధాల సంగతి, నీ పెద్దాడికి పళ్ళు రావడం, అన్నీ అక్కడే. కాలువ గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్నప్పుడు కూడా మనం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు, గాలం బెండు వైపే చూస్తూ మాట్లాడుకునేవాళ్ళం. వీడియోకాల్‌లో నీ మొహం చూస్తే నాకు మాట రాదు. లంకలో వస్తుంది.

నువ్వు లేనప్పుడు ఈ గేమ్ గురించి కొంచెం తెలుసుకున్నా. ఆండ్రూ గోవర్ అనే ఆయన సోదరుడు పాల్‌తో కలిసి మొదలుపెట్టాడట, 2001 జనవరిలో తెరిచారు. తర్వాత్తర్వాత చాలా మార్చేశారు, పాతవాళ్ళకి నచ్చలేదు. అప్పుడు 2007 ఆగస్టు నాటి కాపీ ఒకటి భద్రంగా ఉందని తేలింది. దాన్ని మళ్ళీ తెరవమంటారా అని ఓటు పెడితే నాలుగున్నర లక్షల దాకా ఓట్లు పడ్డాయి. 2013 ఫిబ్రవరిలో తెరిచారు, 2018 అక్టోబరులో ఫోన్లలోకి వచ్చింది. ఇప్పటికీ కొత్తవి పెట్టేముందు చాలావరకు ఆడేవాళ్ళ ఓటు అడుగుతారు. అలా ఓటుతోనే ఓడ నడిపే విద్య వచ్చింది. అది డబ్బు కట్టినవాళ్ళకే, కానీ నువ్వొస్తే ఒక్క నెల ఇద్దరికీ నేను కడతానురా. గోదావరి దాటే పంటు మీద చుక్కాని పట్టుకోనివ్వమని సరంగుని బతిమాలినవాడివి నువ్వే కదా.

నా లెక్క చెప్పనా? చేపల్లో 65వ లెవెల్, వంటలో 66. చేపల్లో నువ్వు 61 దగ్గర ఆగావు, అప్పుడు నాకంటే ముందు ఉండేవాడివి. నిన్ను దాటిన రోజు తల మీద బాణసంచా పేలింది, పక్కన బుట్ట వేసుకున్న ఎవరో తెలియని మనిషి అభినందనలు చెప్పాడు, నాకు మాత్రం సంతోషం కలగలేదు. వండితే ఇప్పటికీ లాబ్‌స్టర్లు మాడుతున్నాయి, వంటలో 74కి చేరితే ఇక మాడవు. చేపల్లో చివరి మెట్టు 99, దానికి మొత్తం 1,30,34,431 పాయింట్లు. సగం దూరం వచ్చేసరికి 92 అని చూపిస్తుంది, అదే నాకు వింతగా ఉంటుంది. నాకింకా కోటీ పాతిక లక్షల పైచిలుకు కావాలి. లాబ్‌స్టర్‌కి 90 చొప్పున లక్షా నలభై వేల దాకా పట్టాలి. నువ్వు వస్తానంటే ఎన్నేళ్ళైనా నాకు భయం లేదు.

నీ సంచి ఖాళీ అని మొహమాటపడకు. నా బ్యాంకులో నీకోసం ఒక బుట్ట, 600 లాబ్‌స్టర్లు వండి విడిగా ఉంచా. అవి అప్పు అనుకోకు, రేవులో నువ్వు నాకు నేర్పిన పనికి నీ వాటా. ఎవడైనా రెట్టింపు అంటే ఇద్దరం కలిసి నడిచి వెళ్ళిపోదాం.

ఇక్కడ వానలు మొదలయ్యాయి, కరెంటు పోతూ వస్తోంది, ఫోన్ మాత్రం ఛార్జింగ్ పెట్టే ఉంచుతున్నా. మీ అమ్మకి రోజూ ఒక్క అయిదు నిమిషాలు ఎక్కువ మాట్లాడు. శుక్రవారం నీకు సెలవే కదా. నీకు ఎనిమిదికి, నాకు పదిన్నరకి, పోర్ట్ సారిమ్‌లో పడవ దగ్గర నిలబడి ఉంటా. పడవ ఖర్చు 30 కాసులు చేతిలో పట్టుకునే ఉంటా.

నీ
బావ