మామ్మ వయసెంత?

సత్యనారాయణపురం,
విజయవాడ.

ఒరేయ్ మావా,

మామ్మ పోయిందని ఫోన్ చేస్తే నువ్వు ముందు అడిగింది "వయసెంతరా?" అని. నేను నీళ్లు నమిలాను. ఆ సంగతి రాద్దామనే ఈ ఉత్తరం. ఫోన్‌లో అయితే మళ్లీ గొంతు పూడుకుపోతుంది.

పెద్దకర్మ కార్డులు వేయించడానికి వెళ్తే ప్రెస్సు అతనూ అదే అడిగాడు. ఆధార్ ప్రకారం 83. నాన్న 90 అంటాడు. అత్తయ్యేమో 85 దాటలేదని పంతం. కౌంటర్ దగ్గరే వాదన. ఆధార్‌నే నమ్మితే ఆవిడకి పదేళ్లకే పెళ్లయినట్టు!

మామ్మకి క్యాలెండర్‌తో పనేముంది, లెక్కంతా నీళ్లతోనే. "ఆనకట్ట తెగిన ఏడు నా పెళ్లి, అప్పటికి పదిహేనో పదహారో" అనేది. కృష్ణ మీద పాత ఆనకట్ట తెగింది 1952లో. దాని బదులు ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది, ఆ ఏడే నాన్న పుట్టాడు. అందుకే ఆయన అరవడం మొదలుపెడితే "అదిగో, గేట్లెత్తాడు" అనేది. నీకు తెలుసుగా ఆ గొంతు.

ఒక్క 1977 గురించి మాత్రం తనంతట తాను ఎప్పుడూ ఎత్తేది కాదు. ఆ నవంబరు 19న దివిసీమ ఉప్పెన. మామ్మ అక్కని ఇచ్చింది అవనిగడ్డ వైపే. తాతయ్య వెతుక్కుంటూ వెళ్లి నాలుగు రోజులకి ఒక్కడే తిరిగొచ్చాడట. ఏం చూశాడో చెప్పలేదు, ఆవిడా అడగలేదు. ఆ రోజు నుంచి ఎసట్లో ఓ గిద్దెడు బియ్యం ఎక్కువ పోసేది. ఎవరికంటే "వచ్చేవాళ్లకి" అనేది. ఇంటర్‌లో ట్యూషన్ ఎగ్గొట్టి వచ్చినప్పుడల్లా నువ్వు తిన్నది ఆ గిద్దెడేరా. కుక్కర్ వచ్చినా, ఇంట్లో నలుగురమే మిగిలినా కొలత తగ్గించలేదు. మిగిలిన అన్నం దగ్గర అమ్మకీ ఆవిడకీ ఎన్ని గొడవలో! మామ్మ దేవతేమీ కాదులే. అమ్మ వైపు నుంచి చెప్పాలంటే ఇంకో ఉత్తరం పడుతుంది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు ఊరి మీద పడినప్పుడు ఆవిడ పాయకాపురంలో బాబాయి ఇంట్లో ఉంది. కింద వాటా మునిగిపోయింది. అందరూ మేడ మీదే. కరెంటు లేదు, ఫోన్లు కలవవు. ఇక్కడ మా టెన్షన్ ఇంతా అంతా కాదు. మూడో రోజు ఎవరి ఫోనో పట్టుకుని బాబాయి చేస్తే, లాక్కుని మరీ చెప్పింది: "డ్రోన్‌లో పొట్లాలు దింపుతున్నార్రా. పులిహోరలో ఇంగువ లేదు." తర్వాత గొంతు తగ్గించి, "జీవితమంతా కృష్ణమ్మకి భయపడ్డాను. ఈ బుడమేరుని మురుక్కాలవే అనుకున్నా, దానికీ పౌరుషం ఉంది" అంది. అప్పటికి నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

2004 పుష్కరాలు గుర్తున్నాయా? మనిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని, ఊపిరాడకుండా ముంచింది. 2016లో మనమే ఆవిణ్ణి చెరో పక్కా పట్టుకుని మెట్లు దింపాం. "2028కి మీ పిల్లల్ని ముంచుతా" అంది. నాకింకా పెళ్లి కాలేదన్న ఎత్తిపొడుపు కూడా అందులో ఉందనుకో.

మొన్న కార్తీకం దాటిన వారానికే నిద్రలో పోయింది. పెద్దగా బాధపడలేదు. అంతకంటే రాయబుద్ధి కావట్లేదు. చివరికి కార్డులో వయసు వేయించనేలేదు.

నిన్న అమ్మ అటక సర్దుతుంటే వేసవిలో పట్టిన ఆవకాయ జాడీలు నాలుగు బయటపడ్డాయి. మామ్మకి చదువు రాదుగా, ఏది ఎవరిదో తెలియడానికి ఒక్కోదాని మీద బొగ్గుతో ఒక్కో గుర్తు పెట్టింది. అత్తయ్యకి సున్నా, బాబాయికి రెండు చుక్కలు, మాకు ఇంటూ. నాలుగోదాని మీద మూతి నుంచి అడుగుదాకా ఒకటే నిలువు గీత. ఎవరిదా అని అందరూ తల గోక్కున్నారు. నాకు చూడగానే తెలిసింది. నిన్ను ఆవిడ ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు కదరా, పొడుగోడా!

రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నా. వాసెన గుడ్డ ఆవిడ కట్టిందే, ముడి విప్పలేదు. కత్తిరించకుండా నెమ్మదిగా విప్పు. పొడి గరిటే పెట్టు, తడి చెయ్యి తగలనీకు.

నీ
మావగాడు